దామోదర లీల: అమ్మ కట్టింది, నాన్న విప్పాడు



కార్తీక మాసంలో దామోదరుడి పేరు ఎన్నిసార్లు తలుచుకుంటామో లెక్కే లేదు. దామం అంటే తాడు, ఉదరం అంటే పొట్ట. పొట్టకి తాడు కట్టించుకున్నవాడు. అంటే స్వామికి ఈ పేరు వచ్చిందే అమ్మ వేసిన శిక్ష వల్ల! చిన్న పిల్లలున్న ఇళ్లలో ఈ కథని కొంచెం నెమ్మదిగా చదువుకోవాలని నాకనిపిస్తుంది. మనం ఎప్పుడూ రోలు దగ్గరే ఆగిపోతాం. ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో వదిలేస్తాం.

భాగవతం దశమ స్కంధం, తొమ్మిదో అధ్యాయం. ఆ రోజు పనివాళ్లంతా వేరే పనుల్లో ఉన్నారు, యశోదమ్మే స్వయంగా పెరుగు చిలుకుతోంది. కన్నయ్య వచ్చి కవ్వం పట్టుకుని ఆపేశాడు, పాలు కావాలని. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇస్తోంది, ఇంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. పిల్లాణ్ణి దించేసి పరిగెత్తింది. కన్నయ్యకి ఇంకా కడుపు నిండలేదు. కోపమొచ్చింది, రాయితో కుండ పగలగొట్టాడు.

పసిపిల్లల అల్లరి గురించి ఇంతకంటే నిజమైన వర్ణన నేనెక్కడా చదవలేదు. పాలు పొంగితే ఏ తల్లైనా లేస్తుంది. సగంలో దించేస్తే ఏ పిల్లాడికైనా కోపమొస్తుంది.

పోతన గారి యశోద కర్ర పట్టుకునే ముందు ఆలోచిస్తుంది: గారాబం చేస్తే పిల్లలు చెడతారు, దండిస్తేనే బాగుపడతారు అని. మన పెద్దవాళ్లు ఇప్పటికీ అనే మాటే కదా. కానీ తీరా పట్టుకున్నాక, పిల్లాడు భయపడుతున్నాడని చూసి కర్ర అవతల పారేసింది, అది వ్యాసుల వారి మాట. రోటికి కట్టబోయింది, కొట్టలేదు. ఆ కట్టడం కూడా ఎన్ని తాళ్లు ముడివేసినా రెండు వేళ్లు తక్కువే. అమ్మ చెమటలు పట్టి అలసిపోయిందని జాలిపడి, ఆయనే కట్టించుకున్నాడు.

మా ఇంట్లో గొడవ సరిగ్గా ఆ కర్ర దగ్గరే. బాబుకి రెండున్నరేళ్లు. దీపపు కుంది లాగుతాడు, కంచం విసిరేస్తాడు. "చేతి మీద ఒక్కటి వేస్తే గుర్తుంటుంది" అని మా ఆవిడ. "వద్దు" అని నేను. ఆ వయసులో దెబ్బ గుర్తుంటుంది గానీ ఎందుకు పడిందో గుర్తుండదని నా నమ్మకం. మేం ఇలా అనుకుంటుండగానే వాడొచ్చి నా కాళ్లు చుట్టుకుంటాడు. ఎవరు మెత్తనో పసిగట్టడానికి రెండున్నరేళ్లు చాలండి.

అందుకే నాకు పదకొండో అధ్యాయం ఇష్టం. మద్ది చెట్లు కూలాయి, నలకూబర మణిగ్రీవులకి శాపం తీరింది, అదంతా మీకు తెలిసిందే. ఆ చప్పుడుకి నందుడు, గోపాలకులు పరుగెత్తుకొచ్చారు. అంతంత చెట్లు పడున్నాయి, మధ్యలో పిల్లాడు నడుముకి తాడుతో రోలు ఈడుస్తున్నాడు. ఏ తండ్రికైనా "ఎవరు కట్టారు వీణ్ణి?" అని అరవాలనిపిస్తుంది. నందుడు నవ్వుతూ తాడు విప్పాడు. అంతే. అక్కడ యశోదని ఒక్క మాట అన్నట్టు లేదు.

ఇది మా ఆవిడకి చదివి వినిపించాను. "విప్పడం సులువేనండీ. పొద్దున్నించి చిలికింది, పాలు దించింది, వెంట పరిగెత్తింది ఎవరు? చివర్లో వచ్చి విప్పినవాళ్లు మంచివాళ్లైపోతారు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కంచం ఎగిరే టైముకి నేను చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆఫీసు కాల్‌లో ఉంటాను మరి.

ప్రస్తుతానికి మా ఒప్పందం ఇది. వాడితో ఎవరు మొదలుపెడితే వాళ్లే పూర్తిచెయ్యాలి. రెండోవాళ్లు ఏమన్నా అనాలనుకుంటే వాడు నిద్రపోయాకే. కాల్ లేని పూట వాడి తిండి, స్నానం నావి. దెబ్బ ఎవరూ వెయ్యకూడదు.

ఈ చివరి దానికి మాత్రం ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. యశోదమ్మ కర్ర పారేసిన చోటు చూపిస్తే, "ముందు పట్టుకుంది కదా" అంటుంది.