మెమో ఇచ్చేముందు

అమ్మడూ,

అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలో లైన్ ఇన్‌ఛార్జివి అయ్యావని తెలిసిన రోజు మీ పెద్దమ్మ వీధంతా చెప్పుకొచ్చింది. నీ ఉత్తరంలో మాత్రం సంతోషం కన్నా కంగారే ఎక్కువ కనిపించింది. ఒక అమ్మాయి కుట్టిన పీసులు రోజూ ఆల్టరేషన్‌కి తిరిగొస్తున్నాయి, మెమో ఇవ్వనా అని అడిగావు. అప్పుడే ఇవ్వకు తల్లీ.

గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో నేను షిఫ్టు సూపర్‌వైజర్‌గా చేరిన కొత్తలో జరిగింది చెబుతాను. నడి ఎండాకాలం, రాత్రి షిఫ్టు. ఒకావిడ చూసే రింగ్ ఫ్రేముల మీద నూలు ఊరికే తెగిపోతోంది. ఒక పోగు అతికించేలోపు పక్క కదురు మీద ఇంకోటి. పనివాళ్లందరి ముందూ ఆమె మీద కేకలేశాను. మర్నాడు మెమో చేతికిచ్చాను. మూడు రోజులు అదే వరస. నాలుగో రోజు ఒక పెద్దవయసు ఫిట్టరు నన్ను తేమ కొలిచే మీటరు దగ్గరికి తీసుకెళ్లి వేలు పెట్టి చూపించాడు. రింగ్ ఫ్రేముల దగ్గర గాలిలో తేమ 55 శాతమైనా లేకపోతే దూది పెళుసెక్కి పోగు నిలవదు. అక్కడ 42 ఉంది. నీళ్లు చిమ్మే నాజిళ్లు సగానికి సగం పూడుకుపోయాయి. తడిగాలి వచ్చే గొట్టానికి అన్నిటికన్నా దూరంగా ఉన్నవి ఆవిడ ఫ్రేములే.

మెమో వెనక్కి తీసుకున్నాను. గదిలోకి పిలిచి, తలుపేసి, పొరపాటైందన్నాను. "పర్లేదు సార్" అని వెళ్లిపోయింది. నేను తిట్టింది షెడ్డంతా వినేలా, ఒప్పుకున్నది నాలుగు గోడల మధ్య. ఆ తర్వాత ఎన్నో నెలలు ఆ షిఫ్టులో ఒక్కరూ నా దగ్గరికొచ్చి "ఇక్కడేదో తేడాగా ఉంది సార్" అనలేదు. బేరింగు కాలిపోయి వాసన వచ్చేదాకా నాకు తెలిసేది కాదు. ఆ మౌనం నేను కొనితెచ్చుకున్నదే.

తేడా వెంటనే బయటపడటం ఎంత ముఖ్యమో చూడు. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో ఒక మగ్గం తయారుచేశాడు. పడుగు పోగు ఒక్కటి తెగినా అది తనంతట తానే ఆగిపోయేది. తర్వాత వాళ్ల కార్ల ఫ్యాక్టరీలోకీ అదే ఆలోచన వచ్చింది. తేడా కనబడితే పనివాడు తాడు లాగుతాడు, పైవాడు సాయానికి పరుగెత్తుకొస్తాడు, అవసరమైతే లైను మొత్తం ఆగుతుంది. లాగినందుకు తిట్లు పడితే ఆ తాడు రెండోసారి ఎవరు ముట్టుకుంటారు చెప్పు? గంటకిన్ని పీసులని నీ నెత్తిన టార్గెట్ ఉంటుంది, నాకు తెలుసు. అయినా నీ లైన్లో "మేడం, ఇది సరిగ్గా రావట్లేదు" అన్న మనిషికి ఆ పూట అందరి ముందూ మంచిమాట దక్కాలి.

కావాలని పని ఎగ్గొట్టేవాళ్లూ ఉంటారు. వాళ్లను చూసీచూడనట్టు వదిలేస్తే పక్కన ఒళ్లొంచి చేసేవాళ్లకు అన్యాయం చేసినట్టే. విడిగా పిలువు, ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో చెప్పు, గొంతు పెంచకు.

జీతం ఏడో తారీఖు దాటకూడదనీ, ఓవర్‌టైముకు రెట్టింపు లెక్కగట్టాలనీ చట్టంలోనే ఉంది. అది నీ చేతుల్లో లేకపోయినా, ఎవరికైనా తక్కువ పడితే ఆఫీసులో అడగాల్సింది నువ్వే. ఓవర్‌టైముకు ఆగమని చెప్పాల్సివస్తే పొద్దున్నే చెప్పు. సాయంత్రం బస్సెక్కబోయేవాళ్లను ఆపొద్దు. ఇంట్లో పిల్లాడికి అన్నం ఎవరు పెట్టాలో వాళ్లు ముందే చూసుకోవాలి కదా.

ఇక ఆ అమ్మాయి సంగతి. రేపు ఆమె పక్కన ఒక గంట నిలబడు. సూది మొద్దుబారిందేమో, దారం బిగువు సరిగ్గా ఉందో లేదో, కటింగ్ నుంచి ముక్కలు కొలతకు వస్తున్నాయో లేదో, మిషన్ మీద లైటు చాలుతోందో లేదో చూడు. ఆమెనూ అడుగు. ఏం తేలిందో వెంటనే రాయి, ఎదురుచూస్తుంటాను.

మీ పెదనాన్న