గడప అవతల నుంచి చూసిన ఆట

1987లో తెల్లదోమ మా పత్తిని మాడ్చేసింది. ఆ ఏడూ ఆ పైఏడూ గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పురుగుమందు తాగి పోయిన రైతులు ఎందరో. మేం పొలం అమ్మి అప్పు తీర్చి చిలకలూరిపేట చేరాం. కొన్నేళ్లు నానా తంటాలు పడి, ఓ సందులో వీడియో గేముల కొట్టు పెట్టాం. మా ఆయన మిషన్లు చూసేవారు, నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని. రూపాయికి ఒక బిళ్ళ. ఆ తెరల ముందు పదేళ్లు గడిచాయి. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఆటల్లో ఆడవాళ్ల గురించి నాకు తెలిసింది రాసిపెట్టమని మనవరాలు అడిగింది.

1. ఆటలో ఆడపిల్ల మొదటిసారి ఎలా కనపడుతుందో చూడండి.

మా కొట్లో డబుల్ డ్రాగన్ ఉండేది. 1987లో జపాన్ వాళ్లు చేసిన ఆట. బిళ్ళ వేసి మొదలుపెట్టగానే మరియన్ అనే పిల్ల వీధిలో నిలబడి ఉంటుంది. రౌడీలు వస్తారు. ఒకడు ఆమె కడుపులో గుద్ది, వాలిపోతున్న పిల్లను వరిమోపులా భుజానేసుకుని పోతాడు. ఇక ఆటంతా ఆమెను విడిపించడానికి అన్నదమ్ములిద్దరూ కొట్టుకుంటూ పోవడమే. ఇద్దరు కలిసి ఆడి చివరిదాకా చేరితే, ఆమె కోసం ఆ అన్నదమ్ములే ఒకరినొకరు కొట్టుకోవాలి. గెలిచినవాడికి ఆమె. నీకెవరు కావాలమ్మా అని ఆమెను అడిగే మనిషి ఆ ఆటలో లేడు.

మొదటి వారం ఆ గుద్దు పడ్డప్పుడల్లా నా కడుపులో దేవినట్టుండేది. నెల తిరిగేసరికి చిల్లర లెక్కపెట్టుకుంటూ తలెత్తడం మానేశాను. ఆ అలవాటు తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. పెద్దదాన్ని నేనే అలా మొద్దుబారితే, పన్నెండేళ్ల పిల్లల సంగతేమిటి?

2. బలమైన ఆడదాన్ని పెట్టినంత మాత్రాన సరిపోదు.

మా కొట్టుకు అన్నం పెట్టింది ముస్తఫా ఆట. దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ కంపెనీది. నలుగురిలో ఒకరిని ఎంచుకోవాలి. జాక్, ముస్తఫా, మెస్, హానా. హానా ఒక్కతే ఆడది. చురుకైనది, కత్తి దొరికితే మిగతావాళ్లకంటే నేర్పుగా వాడుతుంది. అయినా ముగ్గురు పిల్లలు కలిసి వస్తే, ముస్తఫా నాకంటే నాకని కొట్టుకునేవాళ్లు. హానా మీద చెయ్యి పడ్డవాడిని నెల రోజులు ‘ఆడంగి’ అని ఏడిపించేవాళ్లు. ఆట చేసినవాళ్లు ఆమెకు బలం ఇచ్చారు. మన ఇళ్లలో పెరిగిన పిల్లలు దాన్ని తీసుకోలేకపోయారు. ఈ పాపంలో సగం మనది.

3. గడప దగ్గర ఎవరు నిలబడ్డారో చూడాలి.

ఇది నా తప్పు, చెప్పి తీరాలి. మిరప కోతల రోజుల్లో, పొద్దువాలాక కూలీల ఆటో మా సందు మొదట్లో ఆగేది. పదమూడేళ్ల పిల్ల ఒకతి దిగి, నేరుగా ఇంటికి పోకుండా మా గడప దగ్గర నిలబడేది. వేళ్లు మంటలు పుడుతుంటే కొంగుకు రుద్దుకుంటూ, హానా తెరమీదకు వస్తే రెప్ప వేసేది కాదు. ఒకరోజు కూలి డబ్బుల్లోంచి రూపాయి తీసి చాపింది. మగపిల్లలు గోల చేస్తారని, ఊళ్లో మాట వస్తుందని, ‘ఇంటికి పో అమ్మా’ అన్నాను. రూపాయి గుప్పిట్లో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆడపిల్లలు ఈ ఆటలు ఆడరు అని తర్వాత ఎవరు అన్నా నాకు ఆ గుప్పిటే కనిపిస్తుంది.

4. తెలివిగల ఆడదానికి మన కథలు పెట్టిన పేరు మరిచిపోకండి.

ఏటా కార్తీకం చివర్లో కారంపూడిలో పల్నాటి యుద్ధ వీరులకు వీరారాధన మొదలై ఐదు రోజులు జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కోడిపోరు నాడు మనవరాల్ని తీసుకెళ్లాను. ఆ యుద్ధం కథలో మంత్రిగా పల్నాటి రాజ్యం నడిపింది నాయకురాలు నాగమ్మ. సినిమాలో 1947లో కన్నాంబ, 1966లో భానుమతి వేసిన పాత్ర. కానీ మా అమ్మ నోట ఆమె పేరు వస్తే పక్కనే ‘మాయలాడి’ ఉండేది. ఆమెకు ఎదురు నిలిచిన బ్రహ్మనాయుడి ఎత్తు రాజనీతి, ఆమె ఎత్తు కుట్ర. విదేశీ ఆటల్లోనూ అధికారం ఉన్న ఆడది చాలాసార్లు చివర్లో చంపాల్సిన మంత్రగత్తెగానే వస్తుంది. ఆ రోజు కారంపూడిలో నాగులేటి ఒడ్డున కూర్చున్నప్పుడు మనవరాలు అంది: “అమ్మమ్మా, నాగమ్మగా నన్ను ఆడనిస్తే బ్రహ్మనాయుడు ఎలా కనపడతాడో!” ఆ మాట నాకు తట్టడానికి డెబ్బై ఏళ్లు చాలలేదు.

5. గొంతు దాచుకుని ఆడే పిల్లల్ని పట్టించుకోండి.

మనవరాలు ఫోన్లో తుపాకుల ఆట ఆడుతుంది. పేరు మగపేరు, మైకు ఎప్పుడూ కట్టేసి ఉంటుంది. ఒక్కసారి మాట్లాడిందట. అవతల నుంచి వచ్చిన బూతులు నాకు చెప్పలేక తల దించుకుంది. తెరమీద బొమ్మ ఎంత వీరనారి అయితేనేం, ఆడే పిల్ల నోరు మూసుకోవాల్సి వస్తే?

6. మంచిది వస్తే కొని చేతిలో పెట్టండి.

2020లో పూణె వాళ్లు ‘రాజీ’ అనే ఆట చేశారు. సర్కస్ పిల్ల రాజీ తన తమ్ముడు గోలూని రాక్షసుల చెర నుంచి విడిపించుకోవడానికి బయలుదేరుతుంది. పట్టుకుపోయింది మగపిల్లవాడిని, వెతుక్కుంటూ పోయింది అక్క. మరియన్‌ని అన్నేళ్లు చూసిన కళ్లతో అది చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

మొన్న వేసవిలో మా ఇంటికి మిరపకాయల తొడిమలు తీయడానికి వచ్చిన నలుగురిలో ఒకామె, గదిలో మనవరాలు కంప్యూటర్లో పెట్టుకున్న పాత ముస్తఫా ఆట చూసి గుమ్మం దగ్గర ఆగిపోయింది. నలభై దాటిన మనిషి. ముందు ఆ నిలబడ్డ తీరును గుర్తుపట్టాను, ముఖాన్ని తర్వాత.

“లోపలికి రా అమ్మా,” అన్నాను.

ఘాటు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఎవరు కావాలని మనవరాలు అడిగేలోపే హానా దగ్గర ఆగింది. మీటలు చూసి, నా వైపు తిరిగింది.

“రెండోది ఎగరడానికే కదా, పెద్దమ్మా?”