గామా మెఱుపులు - పల్నాటి ఆకాశము

“నేటి రాత్రి అంతరిక్షము నుండి ప్రమాదకర కిరణములు భూమికి చేరువగా పోవును, సెల్‌ఫోనులు ఆపివేసి దూరముగా నుంచుడు” అను సందేశము కొన్ని సంవత్సరములుగా మరల మరల ఫోనులలో తిరుగుచున్నది. ఇట్టివి విని భయపడిన గ్రామస్థులు పంచాయతీ సభ్యులను అడుగుట సహజము. కావున ఆకాశము నుండి నిజముగా వచ్చు కిరణములలో మిక్కిలి బలమైన వానిని గూర్చి సభ్యులు తెలిసికొనుట మేలు.

గామా కిరణమనగా నేమి?

ఇది కూడ ఒక విధమగు వెలుగే. కాని కంటికి కానరాదు. ఎక్స్‌రే కంటెను శక్తిమంతమైనది. దీనినే వైద్యులు తగు మోతాదులో కేన్సరు చికిత్సకు వాడుదురు. దూరపు ఆకాశమున కొన్ని క్షణములు మాత్రమే మెఱసి మాయమగు గామా వెలుగును గామా కిరణ విస్ఫోటన మందురు.

ఎట్లు బయటపడినది?

1963లో గాలిలోను, నీటిలోను, అంతరిక్షములోను అణుపరీక్షలను నిషేధించు ఒడంబడిక కుదిరినది. దానినెవరైన ఉల్లంఘింతురేమోయని కనిపెట్టుటకు అమెరికా ‘వేలా’ ఉపగ్రహములను పంపినది. 1967 జూలై 2న అవి ఒక వింత మెఱుపును పసిగట్టినవి. అది బాంబు తీరున లేదు. పిమ్మట వేర్వేరు ఉపగ్రహములకు మెఱుపులు చేరిన వేళలను పోల్చి చూచి, అవి భూమి నుండి గాని సూర్యుని నుండి గాని వచ్చినవి కావని తేల్చి, 1973లో ప్రకటించిరి.

రెండు సెకనులకు మించి నిలుచునవి సాధారణముగా సూర్యునికంటె ఎన్నో రెట్లు పెద్దదియగు నక్షత్రము కుప్పకూలినపుడు పుట్టును. అంతకు తక్కువ నిలుచునవి, అతి సాంద్రమైన రెండు న్యూట్రాను నక్షత్రములు ఒకదానితో నొకటి కలిసినపుడు పుట్టును. 2017 ఆగస్టు 17న అట్టి కలయిక నుండి వచ్చిన గురుత్వ తరంగములను, గామా మెఱుపును కూడ గుర్తించిరి. బంగారము వంటి బరువైన లోహములు అట్టి చోట్ల పుట్టుననుటకు ఆ సంఘటన బలమైన ఆధారమైనది. ఈ విభజనయు తుదిమాట కాదు. 2021 డిసెంబరు 11న కనిపించిన మెఱుపు దాదాపు నిమిషము సేపు నిలిచినను, దాని పిదప కలయిక గుర్తులే కానవచ్చినవి.

పల్నాటి మీదికి వచ్చిన వెలుగు

2022 అక్టోబరు 9, ఆశ్వయుజ పూర్ణిమ. మన గడియారములలో సాయంకాలము 6 గంటల 47 నిమిషములకు, ఇంతవరకు నమోదైన వానిలో కెల్ల ప్రకాశవంతమైన గామా మెఱుపు భూమిని చేరినది. ఇట్టిది పదివేల సంవత్సరముల కొకసారి మాత్రమే వచ్చునని అంచనా. అది శ్రవణా నక్షత్రమునకు కొంత ఉత్తరముగా నున్న దిక్కు నుండి వచ్చినది. లెక్కించి చూచినచో, ఆ వేళ ఆ దిక్కు నరసరావుపేట, మాచర్ల, గురజాల వారికి నడిమింటికి చేరువగా నుండెను.

ఆ వెలుగు బయలుదేరి దాదాపు 190 కోట్ల సంవత్సరములైనది. అప్పటికి పల్నాటి సున్నపురాయి యింకను ఏర్పడలేదు! అంత దూరము నుండి వచ్చియు అది భూమిపై నున్న విద్యుత్కణముల పొరను కొన్ని గంటలు కలచివైచినది. మన దేశమునందలి పిడుగులను పసిగట్టు పరికరములును దానికి స్పందించినవి. అయినను నేలపై ఎవ్వరికిని హాని కలుగలేదు. మన నెత్తిపై నున్న గాలి సుమారు పది మీటర్ల లోతు నీటితో సమానమైన బరువు గలది. అదియే మనకు డాలు. ఇట్టి మెఱుపు మన పాలపుంతలోనే, మనవైపుగా, చేరువలో సంభవించినచో ఓజోను పొరకు హాని కలుగవచ్చును. కాని అది మిక్కిలి అరుదు.

మన దేశపు కృషి

గాలి గామా కిరణములను ఆపును గనుక వానిని పట్టుటకు ఉపగ్రహములు కావలెను. 2015 సెప్టెంబరు 28న మన రాష్ట్రమునందలి శ్రీహరికోట నుండి పంపిన ఆస్ట్రోశాట్, 2023 నవంబరు నాటికి సుమారు 600 గామా మెఱుపులను గుర్తించినది.

సభ్యులు చేయదగినది

కిరణముల వదంతి వచ్చినపుడు దానిని ఇతరులకు పంపవలదు. తేదీ, వేళ, చెప్పినవారి పేరు కలవా యని చూడవలెను. గామా మెఱుపు ఎప్పుడు వచ్చునో ఎవ్వరును ముందుగా చెప్పజాలరు. కావున “ఈ రాత్రి వచ్చును” అను మాటయే అబద్ధమునకు గుర్తు. పాఠశాల ఉపాధ్యాయుని గ్రామసభకు పిలిచి, ఈ సంగతులను నలుగురికి చెప్పించిన యెడల, భయమునకు బదులు తెలివి పెంపొందును.