పొరుగువాని ద్రాక్షతోట



జ్ఞానోపదేశంలో మనం నేర్చుకొన్న పది ఆజ్ఞలను ఒకసారి మననం చేసుకోండి. పరుని భార్యను ఆశించరాదన్నది మనకు తొమ్మిదవ ఆజ్ఞ, పరుని సొత్తును ఆశించరాదన్నది పదవది. యూదులు ఈ రెంటినీ కలిపి ఒక్కటిగా, పదవ ఆజ్ఞగా లెక్కిస్తారు. లెక్క వేరైనా చిక్కు ఒక్కటే. దొంగిలించవద్దంటే చేతిని ఆపుకోవచ్చు, అబద్ధసాక్ష్యం వద్దంటే నోరు మూసుకోవచ్చు. మరి ఆశపడవద్దంటే మనసును ఏ గుంజకు కట్టడం?

12వ శతాబ్దంలో స్పెయిన్ దేశపు యూదు పండితుడు అబ్రాహాము ఇబ్న్ ఎజ్రా నిర్గమకాండానికి వ్యాఖ్యానం వ్రాస్తూ ఈ ప్రశ్ననే ఎత్తుకొన్నాడు. బుద్ధి సరిగా ఉన్న పల్లెటూరి మనిషి రాజకుమార్తె అందాన్ని చూస్తాడు గాని ఆమెను కోరుకోడు. అది జరగదని అతనికి తెలుసు. పక్షికున్న రెక్కలు తనకు లేవని ఎవరూ కుమిలిపోరు. దేవుడు మరొకరికి ఇచ్చినది మన తెలివితేటలతో మనకు రాదని గ్రహించినవాడు పొరుగువాని సొత్తును కూడా అలాగే చూస్తాడని ఆయన భావం. చక్కని ఉపమానమే. కాని మనకు అసూయ రాజకుమార్తెను చూచి పుట్టదు గదా! మనతోపాటు బడికి వెళ్లి, మన వీధిలోనే మేడ కట్టినవానిని చూచి పుడుతుంది. అందేలా కనబడేదే మనిషిని కాలుస్తుంది.

అందుకే 1204లో ఐగుప్తులో మరణించిన వైద్యుడు, ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడెస్ చెప్పినది మనకు ఎక్కువ పనికివస్తుంది. మనసులో కోరుకోవడం ఒక తప్పు. దానిని దక్కించుకోవడానికి యజమానిని వేధించడం, మధ్యవర్తులను పంపి ఒత్తిడి పెట్టడం, చివరకు పొందడం మరో తప్పు. ఎంత పెద్ద మొత్తం చెల్లించినా సరే, అది పదవ ఆజ్ఞను మీరడమేనని ఆయన మిష్నే తోరాలో వ్రాశాడు. ఈ మాట దగ్గర కొంచెం ఆగండి. న్యాయమైన ధర ఇచ్చాను, రిజిస్ట్రేషన్ చేయించుకొన్నాను, ఇక పాపమెక్కడిదని మనం అనుకొంటాం. అమ్మనన్నవాని గుమ్మానికి పెద్దమనుషులను ఎన్నిసార్లు పంపామో దస్తావేజులో ఉండదు.

కోరిక వేధింపుగా, వేధింపు దోపిడిగా, దోపిడి రక్తపాతంగా ముదురుతుందని చెబుతూ ఆయన ఆహాబు, నాబోతుల కథను గుర్తుచేస్తాడు. రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయం తెరచి చూడండి. ఆహాబు మొదట అన్యాయమేమీ అడగలేదు. అంతకంటె మంచి తోట ఇస్తానన్నాడు, లేదా వెల కట్టి ఇస్తానన్నాడు. నాబోతు పిత్రార్జితాన్ని ఇవ్వనన్నాడు. దేశమంతా ఏలే రాజు కూరగాయల దొడ్డికోసం అన్నం మాని, గోడవైపు తిరిగి పడుకొన్నాడు! తక్కిన పనిని యెసెబెలు ఇద్దరు అబద్ధసాక్షులతో ముగించింది. నాబోతును రాళ్లతో కొట్టి చంపారు. ఆ మంచం దగ్గరే ఎవరైనా రాజును లేపి ఉంటే బాగుండేది.

మరి లేపేదెలా? మిష్నా గ్రంథంలోని పిర్కే అవోత్‌లో బెన్ జోమా అనే జ్ఞాని సంపన్నుడెవరో చెబుతూ ఆస్తిని లెక్కపెట్టలేదు. తన పాలితో సంతోషించేవాడిని చూపాడు. పాలు అనే అర్థమున్న హెలెక్ అనే ఆ హీబ్రూ మాటను భూమిలో వచ్చే వాటాకు కూడా వాడతారు. ఇది సోమరితనానికి సాకు కాదు, ఎందుకంటే ఆయన ఆధారంగా చూపినది చేతుల కష్టార్జితాన్ని తినేవాని భాగ్యాన్ని గురించి చెప్పే 128వ కీర్తన.

సంతోషించమంటే వెంటనే సంతోషం రాదని యూదులకు తెలుసు. అందుకే దానిని ప్రతి ఉదయం చేసే ప్రార్థనలో చేర్చారు. తనకు కావలసినవన్నీ సమకూర్చిన దేవునికి స్తోత్రం చెప్పే చిన్న ప్రార్థన అది. దానిని జోళ్లు తొడుగుకొనేటప్పుడు చెప్పాలని తల్మూదు నిర్ణయించింది. ఇంకా వీధిలోకి అడుగుపెట్టలేదు, పొరుగువాని మేడ ఇంకా కంటబడలేదు. అంతకు ముందే ఆ మాట నోట రావాలి. ప్రాయశ్చిత్త దినాన యూదులు తోలు జోళ్లు తొడగరు. ఆ రోజున కొందరు ఈ ప్రార్థనను కూడా మానివేస్తారు.