బాదం పొడితో గ్లూకోసైడ్: తేదీ చెప్పే ముందు

ప్రాసెస్ గ్రూపులో చేరిన కొత్తల్లోనే ఆల్కైల్ గ్లూకోసైడ్ ప్రాజెక్టు మీ మీద పడవచ్చు. కోనిగ్స్–నార్ పద్ధతిలో ప్రొటెక్షన్, కప్లింగ్, డీప్రొటెక్షన్, పైగా సిల్వర్ ఖర్చు. బాదంపప్పులోని బీటా-గ్లూకోసిడేజ్‌తో అయితే ఒకటే స్టెప్పు, వచ్చేది బీటా రూపమే. ఈ ఒక్క మాట పట్టుకుని రివ్యూ మీటింగులో నెలరోజుల్లో ఇచ్చేస్తామని ఒప్పుకోకండి.

ఈ ఎంజైమ్‌కు చేతనైన పని చక్కెర బంధాన్ని తెంచడం. 1837లో లీబిగ్, వోలర్ అమిగ్డలిన్‌తో చూపించింది అదే. మనం దాన్ని వెనక్కి నడిపిస్తున్నాం కాబట్టి ఆట అంతా నీళ్లదే. ఎక్కువైతే ప్రొడక్ట్ విడిపోతుంది, బొత్తిగా తీసేస్తే ఎంజైమ్ పనిచేయదు. టెర్ట్-బ్యూటనాల్‌లో 10 నుంచి 20 శాతం నీళ్లు, 50 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. టెర్షియరీ ఆల్కహాల్ జోలికి ఎంజైమ్ దాదాపు పోదు, అందుకే అది సాల్వెంట్‌గా పనికొస్తుంది. మీరు అతికించాల్సిన ఆల్కహాల్ కూడా టెర్షియరీయే అయితే ఈ దారి వదిలేయండి.

స్కేలప్‌లో దెబ్బ తగిలేది లెక్కలోకి రాని నీళ్ల దగ్గరే. 10 లీటర్ల మిశ్రమానికి లీటరు నీళ్లు లెక్కగట్టారనుకుందాం. వేసిన కిలో పొడిలో 8 శాతం తేమ ఉంటే 80 గ్రాములు అదనం. స్టోర్స్ వాళ్లు గ్లూకోజ్ మోనోహైడ్రేట్ పంపితే అందులో 9 శాతం నీళ్లే. రియాక్షన్‌లో పుట్టేవి వేరు. కార్ల్ ఫిషర్ చూడకుండా బ్యాచ్ మొదలుపెట్టకండి. యీల్డ్ తగ్గితే ఎంజైమ్ పెంచమంటారు, వినకండి. బ్యాలెన్స్ పాయింటుకు త్వరగా చేరతారు, అంతే.

వేయించిన బాదంలో ఎంజైమ్ చచ్చిపోతుంది. పచ్చి పప్పు పొడి చేసి, అసిటోన్‌తో నూనె తీసి, ప్రతి లాటుకూ ఎంజైమ్ చురుకుదనం కొలిచే పీఎన్‌పీజీ (పారా-నైట్రోఫినైల్ గ్లూకోసైడ్) అస్సే 405 నానోమీటర్ల దగ్గర చేయించండి. ఖరీదు తక్కువని ఆపిల్ గింజలకో చేదు బాదానికో మారితే అమిగ్డలిన్ నుంచి హైడ్రోజన్ సైనైడ్ వస్తుంది, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. ప్రొడక్ట్ కాస్మెటిక్స్‌కు వెళ్లేదైతే బాదం అలర్జెన్ సంగతి క్వాలిటీ వాళ్లకు ముందే రాతపూర్వకంగా చెప్పండి.

మిగిలిన గ్లూకోజ్‌ను గ్రాముల్లో అయితే సిలికా కాలమ్ విడదీస్తుంది. కిలోల్లో అదే కాలమ్ వారాలు తింటుంది. వర్కప్ ప్లాన్ కాగితం మీదికి వచ్చాకే తేదీ ఇవ్వండి.