తెలివైన కుక్కపిల్లకు మంచి అలవాట్లు

పిల్లల పోరు పడలేక కుక్కపిల్లను తెచ్చుకున్న ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. మేమూ ఒక బోర్డర్ కోలీని తెచ్చుకున్నాం. ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దుల్లో గొర్రెలను తోలడానికి పెంచిన జాతి ఇది. ఈ జాతికే చెందిన చేజర్ అనే కుక్క 1,022 వస్తువుల పేర్లు నేర్చుకుందని 2011లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. ఇంత తెలివైనదానికి శిక్షణ సులువే అనుకున్నాను. కానీ తెలివైన కుక్క మంచిని ఎంత త్వరగా నేర్చుకుంటుందో చెడునూ అంతే త్వరగా నేర్చుకుంటుంది.

ఒక శనివారం మా ఇంటికి వచ్చిన పిల్లలు పరుగెడుతుంటే, అది వెంటపడి ఒక పాప మడమ కొరికింది. రక్తం రాలేదు గాని పాప హడలిపోయింది. "ఇంకోసారి ఇలా జరిగితే దీన్ని ఉంచుకోలేమండీ" అంది మా ఆవిడ. ఆ మాటలో తప్పు లేదు. ఆ తర్వాత మేము నేర్చుకున్నవి మీతో పంచుకుంటున్నాను.

1. కారణం వెతకండి. ఆఫీసులో ప్రోగ్రాం తప్పుగా నడిస్తే ముందు కారణం చూస్తాను. ఇంట్లో మాత్రం ముందు చెయ్యెత్తాను. మడమ కొరకడం దానికి కోపం కాదు, మందను మళ్లించే స్వభావం. కొడితే స్వభావం పోదు, భయం వస్తుంది. భయపడ్డ కుక్క నిజంగానే కరవవచ్చు. అందుకే పిల్లలు ఆడేటప్పుడు లీష్ వేసి పక్కన కూర్చోబెట్టుకున్నాం. నెమ్మదిగా ఉన్న ప్రతిసారీ చిన్న చికెన్ ముక్క ఇచ్చాం.

2. అందరూ ఒకే మాట అనండి. నేను "సిట్" అంటే, మా ఆవిడ "కూర్చో" అనేది, పిల్లలు "డౌన్" అనేవారు. చివరికి "కూర్చో" ఖాయం చేసుకున్నాం.

3. వెంటనే స్పందించండి. మెప్పు ఒకటి రెండు సెకన్లలో అందాలి. చెప్పు కొరికిన గంటకు తిడితే దేనికో దానికి తెలియదు. తల వంచుకునేది తప్పు ఒప్పుకుని కాదు, మన గొంతుకు బెదిరి.

4. జాలితో లొంగకండి. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ భోజనాల దగ్గర దానికి ఓ ముద్ద వేసేది. పదిసార్లు కాదని పదకొండోసారి వేస్తే, పదకొండుసార్లు అడగమని నేర్పినట్టే. అప్పుడప్పుడు ఫలితం దొరికే అలవాటు త్వరగా పోదని బి. ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. మాన్పించడం మొదలుపెట్టగానే మొరుగుడు ముందు పెరుగుతుంది. సరిగ్గా అక్కడే మనం ఓడిపోతాం. పైగా మన కూరల్లోని ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు హానికరం.

మూడు నెలల తర్వాత ఆ పాప మళ్లీ వచ్చింది. గుమ్మంలోనే ఆగి, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని, సన్నగా "కూర్చో" అంది. అది కూర్చుంది.

పిల్లలు పరుగెత్తేటప్పుడు లీష్ ఇప్పటికీ వేస్తున్నాం. అయితే ఆ మూడు నెలల్లో కుక్క మార్చుకున్న అలవాట్లకన్నా మేము మార్చుకున్నవే ఎక్కువ. మీ ఇంట్లోనూ దాన్ని తిట్టేముందు, ఆ అలవాటు ఎవరు నేర్పారో ఒకసారి చూసుకోండి.