కెర్నల్‌లో మెమరీ పంపకం

అడిగిన ప్రోగ్రాముకు మెమరీని పంచిపెట్టుట కెర్నల్ బాధ్యత. లినక్స్ కెర్నల్ పెద్ద ఖండాన్ని సగాలుగా చీల్చి ఇస్తుంది. తిరిగి వచ్చిన సగాన్ని, దాని జంట ఖాళీగా ఉంటే, మరల కలుపుతుంది. విడిచిన మెమరీని పొరపాటున వాడినా సీ భాష వారించదు. రస్ట్ భాషలో ప్రతి విలువకూ యజమాని ఒక్కడే. కనుక అట్టి దోషం కంపైలర్ వద్దనే పట్టుబడుతుంది.

అయితే అసలు చిక్కు వేరొకటి ఉన్నది. మెమరీ చాలనప్పుడు రస్ట్ ప్రామాణిక లైబ్రరీ సాధారణంగా ప్రోగ్రామునే ఆపివేస్తుంది. కెర్నల్ ఆగితే యంత్రమంతా ఆగినట్లే కదా! 2021లో లైనస్ టోర్వాల్డ్స్ దీనిని గట్టిగా ఆక్షేపించాడు. అందుచేత కెర్నల్‌లోని రస్ట్ 'మెమరీ లేదు' అన్న మాటను కూడా ఫలితంగానే అందిస్తుంది. 2022 డిసెంబరులో వెలువడిన 6.1 కూర్పులో రస్ట్‌కు చోటు లభించింది. అట్టడుగున మాత్రం ముడి చిరునామాలతో పని తప్పదు. అట్టి పంక్తులకు 'అన్‌సేఫ్' అని గుర్తుపెట్టి, అవి ఏల సురక్షితమో పైన వ్యాఖ్య వ్రాయాలని లినక్స్ నియమం.